వైద్యకాయక దీక్షితుడు నీలకంఠ కొట్టూరు బసవరాజు

12వ శతాబ్దమున కల్యాణ పట్టణమునందు బసవేశ్వరుడు శివశరణుల నందరిని ఒక్కచోటికి చేర్చి, ఏ వృత్తియు హీనమైనది కాదనియు, శివార్పణ బుద్ధితో చేసిన ప్రతి పనియు కాయకమే యనియు బోధించెను. అనుభవ మంటపమున బట్టలు ఉతికెడు మడివాళ మాచయ్యయు, పడవ నడపెడు అంబిగర చౌడయ్యయు, నారత్రాళ్ళు పేనెడు నులియ చందయ్యయు సమాన గౌరవముతో కూర్చుండిరి. ఆ శరణుల నడుమనే వైద్య సంగణ్ణయను భిషక్కు కూడ కలడు. రోగి శరీరమునకు మందు నిచ్చుట ఆయన కాయకము. కాయకము వలన వచ్చిన ఫలమును పదిమందికి పంచుట దాసోహము. ఈ రెండు మాటలలోనే వీరశైవ వైద్యుని ధర్మమంతయు ఇమిడియున్నది.

ఆ ధర్మమును తెలుగునాట గ్రంథరూపమున నిలిపిన మహనీయుడు నీలకంఠ కొట్టూరు బసవరాజు. ఆయన రచించిన బసవరాజీయము వందల ఏండ్లుగా ఆంధ్ర వైద్యుల చేతి గ్రంథమై వెలుగొందుచున్నది. పల్లెటూరి నాటువైద్యుని మొదలు ఆయుర్వేద కళాశాలలో చదివిన పండితుని వరకు ఆ పేరు వినని వైద్యుడు తెలుగునాట అరుదు. అయినను ఆ గ్రంథకర్త మన సమయమునకు చెందిన లింగధారి యను సంగతి మన యిండ్లలో పలువురికి తెలియదు. అందుచేత ఆయన జీవితమును, ఆయన చేసిన ఉపకారమును ఒకసారి స్మరించుకొనుట అవసరము.

వంశము - గురువు

బసవరాజు తన్ను గూర్చి చెప్పుకొన్నది కొలదియే. ఆయనది నీలకంఠ వంశము. నివాసము కొట్టూరు. తండ్రి నమశ్శివాయ. గురువు ఆరాధ్య సంప్రదాయమునకు చెందిన రామదేశికుడు. ఈ నాలుగు విషయములతో ఆయన ఆత్మకథ ముగియును. రాజాస్థానములలో పొందిన సత్కారముల ప్రశంసగాని, తాను జయించిన పండితుల పట్టికగాని ఆయన తన పరిచయమున చేర్చలేదు. శివుని స్తుతించి, గురువును తలచి, పూర్వగ్రంథములను పేర్కొని, వెంటనే రోగి విషయమునకు వచ్చిన నిరాడంబరుడు ఆయన.

ఆ కొలది మాటలనే శ్రద్ధగా చూచినచో ఎంతో అర్థము కనిపించును. తండ్రి పేరు సాక్షాత్తు పంచాక్షరి. వంశనామము లోకరక్షణకై గరళమును కంఠమున నిలుపుకొన్న శివుని పేరు. ఆయనకు పెట్టిన పేరు భక్తిభండారి బసవన్నది. ఇట్టి ఇంటిలో పుట్టిన బిడ్డకు లింగపూజయు, మూలికల నూరుటయు ఒకే ఇంటి పనులుగా అలవడుటలో ఆశ్చర్యమేమున్నది?

ఆంధ్రదేశమున ఆరాధ్యులు సంస్కృత విద్యను విడువక శివభక్తిని ప్రచారము చేసినవారు. మల్లికార్జున పండితారాధ్యుని నాటినుండి ఈ రెండును వారియందు జంటగా సాగినవి. ఆ సంప్రదాయములోని గురువు కడ చదివినందువలననే బసవరాజునకు ప్రాచీన వైద్యసంహితలను స్వయముగా చదివి పరిశీలించు శక్తి కలిగినది. శ్రీశైల క్షేత్రము రససిద్ధులకు నిలయమని ప్రసిద్ధి చెందినది. సిద్ధనాగార్జునుని పేరు ఆ కొండతో ముడిపడియున్నది. అక్క మహాదేవి నడచిన ఆ నల్లమల అడవులే చెంచుల మూలికా విజ్ఞానమునకు పుట్టినిల్లు. శివభక్తి, రసవిద్య, వనమూలిక - ఈ మూడును కలసిన నేల తెలుగునేల. బసవరాజు గ్రంథమునందును ఈ మూడును కలసియే యున్నవి.

దాచిన విద్యను పంచినవాడు

పూర్వము వైద్యవిద్య ఎక్కువగా తండ్రి నుండి కొడుకునకు, గురువు నుండి శిష్యునకు నోటిమాటగా వచ్చెడిది. మందు పేరు బయటికి చెప్పినచో దాని గుణము పోవునను నమ్మకము నేటికిని పల్లెలలో కలదు. ఆ నమ్మకము వలన జరిగిన నష్టమునకు లెక్క లేదు. కామెర్లకు మంచి మందు నెరిగిన వృద్ధుడు చెప్పకుండ కన్నుమూసినచో, ఆ మందు కూడ ఆయనతోనే కాటికి పోవును. తాటియాకులపై వ్రాసినదైనను చెదల పాలగును, లేదా తెరచి చదువువారు లేక మూలబడును.

బసవరాజు ఈ పద్ధతికి ఎదురు నడచెను. తాను చదివినదానిని, పరీక్షించినదానిని 25 ప్రకరణముల గ్రంథముగా కూర్చి లోకము చేతిలో పెట్టెను. జ్వరములు, సన్నిపాతములు, క్షయ, శ్వాస, కాస, వాతవ్యాధులు, ఉదరరోగములు మొదలగువానికి లక్షణములను చెప్పి, దాని వెంటనే చికిత్సను చెప్పుట ఆయన పద్ధతి. రోగమును తెలిసికొనుటకు ఒక పుస్తకము, మందు వెదకుటకు మరియొక పుస్తకము విప్పవలసిన శ్రమ వైద్యునకు తప్పినది. రోగి ప్రక్కన కూర్చున్న వైద్యునకు కావలసినది ఇదియే గదా!

ఆయన తనది కాని విద్యను తనదిగా చెప్పుకొనలేదు. చరకుని, మాధవనిదానమును, నిత్యనాథుని, సిందూరదర్పణమును, పూజ్యపాదీయమును పేర్కొని, ఏ విషయమును ఎక్కడ గ్రహించెనో తెలిపెను. ఇందు ఒక విశేషము గమనింపదగినది. పూజ్యపాదుడు జైనాచార్యుడు. శైవులకును జైనులకును నడుమ జరిగిన వాదములు మన పురాణములలో ఎన్నో కలవు. పాల్కురికి సోమనాథుని బసవపురాణము చదివినవారికి ఆ సంగతి కొత్త కాదు. అయినను లింగధారియైన బసవరాజు జైనుని మందును పేరు చెప్పి మరీ స్వీకరించెను. రోగికి మేలు చేయు మందునకు మతభేదము లేదని ఆయన నోటితో చెప్పనక్కరలేకపోయినది, చేసి చూపెను.

సంస్కృతము ప్రక్కన తెలుగు

బసవరాజీయమునకు గల మరియొక ప్రత్యేకత భాష. అది కేవల సంస్కృత గ్రంథము కాదు. సంస్కృతమును తెలుగును కలిపి కూర్చినది. సంస్కృతమున వ్రాసినందున ఆ గ్రంథము పండితుల గౌరవమును పొందినది. తెలుగును చేర్చినందున సంస్కృతము రాని వైద్యునకు కూడ అందినది. జనుల పలుకుబడిలో శివతత్త్వమును చెప్పిన కల్యాణ శరణుల మార్గమును, ద్విపదలో జానుతెనుగు పలికించిన సోమనాథుని మార్గమును వైద్యశాస్త్రమున అనుసరించిన వాడు బసవరాజు.

వైద్యమున ఇది భాషాభిమానమునకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు, ప్రాణమునకు సంబంధించినది. శాస్త్రములో గుడూచి యనిన చేని గట్టుపై వేపచెట్టునకు ప్రాకిన తిప్పతీగ. వాస యనిన పెరటి కంచెలోని అడ్డసరము. నిర్గుండి యనిన వాగు ఒడ్డున పెరిగెడు వావిలి. పునర్నవ యనిన వానలు పడగానే నేలపై పరచుకొను గలిజేరు. అపామార్గము మన ఉత్తరేణి. గోక్షురము పాదమున గ్రుచ్చుకొను పల్లేరు. భృంగరాజము గుంటగలగర. ద్రోణపుష్పి తుమ్మి. ఈ రెండు పేర్ల నడుమ వంతెన లేనిచో పండితునకు పేరు తెలిసి మొక్క తెలియదు, పల్లెవానికి మొక్క తెలిసి గుణము తెలియదు. ఒక మొక్కను మరియొక మొక్కగా భ్రమించినచో మందే విషమగును. వైద్యగ్రంథములో తెలుగు మాట చేసెడి మేలు ఇట్టిది.

నాడి చూచు చేయి

గ్రంథములోని మొదటి ప్రకరణముననే నాడీపరీక్ష వచ్చును. మందు పేరు చెప్పుటకు ముందు రోగి చేతిని పట్టుకొనుము అని వైద్యునకు నేర్పుట అందలి ఉద్దేశము. సంప్రదాయము ప్రకారము పురుషునకు కుడిచేతిని, స్త్రీకి ఎడమచేతిని చూడవలెను. బొటనవ్రేలి మొదట, మణికట్టు దగ్గర మూడు వ్రేళ్ళు ఆనించినచో చూపుడువ్రేలి క్రింద వాతము, నడిమివ్రేలి క్రింద పిత్తము, ఉంగరపువ్రేలి క్రింద కఫము తెలియును. వాతనాడి పామువలె వంకరగా, పిత్తనాడి కప్పవలె దుముకుచు, కఫనాడి హంసవలె మెల్లగా నడచునని పెద్దలు పోల్చి చెప్పిరి. అప్పుడే భోజనము చేసినవాని నాడిని, స్నానము చేసినవాని నాడిని, ఎండలో నడచి అలసి వచ్చినవాని నాడిని వెంటనే చూడరాదు.

అరిష్టలక్షణములను, అనగా రోగము చేయి దాటిన గుర్తులను కూడ ప్రాచీన వైద్యులు శ్రద్ధగా నేర్చుకొనెడివారు. తన చేతిలో లేనిదానిని తన చేతిలో నున్నట్లు నటింపరాదనుట అందలి నీతి. వైద్యునకు తెలిసిన విద్య ఎంత ముఖ్యమో, తన విద్యకు గల హద్దు తెలియుట అంత ముఖ్యము.

చేని గట్టున పెరిగెడు మందులు

ఆయుర్వేదమున మందు తయారుచేయుటకు అయిదు మూలపద్ధతులు కలవు. పచ్చియాకును దంచి పిండిన రసము స్వరసము. నూరిన ముద్ద కల్కము. నీటిలో కాచి దించినది కషాయము. చల్లని నీటిలో రాత్రియంతయు నానవేసి వడకట్టినది హిమము. మరుగు నీటిలో వేసి మూతపెట్టి తీసినది ఫాంటము. కషాయమునకు శార్ఙ్గధరుడు చెప్పిన కొలత ఒక వంతు మూలికకు 16 వంతుల నీరు. అది ఎనిమిదవ వంతు మిగులునట్లు సన్నని సెగపై కాచవలెను. చూర్ణము, లేహ్యము, ఘృతము, తైలము, గుళిక మొదలగునవి వీనిపై ఆధారపడి పెరిగినవే. ఈ పద్ధతులన్నియు మన వంటయింటి పొయ్యి మీద, రోటిలో, కల్వములో జరిగెడు పనులే. వీనికి ధనము కంటె ఓర్పు ముఖ్యము.

వాడెడు మూలికలును దూరదేశపువి కావు. జ్వరమునకు నేలవేము, తిప్పతీగ, పర్పాటకము, తుంగముస్తలు. దగ్గునకు అడ్డసరపు ఆకు రసము తేనెతో. విరేచనములకు మారేడు పచ్చికాయ గుజ్జు. మూత్రము మంటగా వచ్చినచో పల్లేరు. కామెర్లకు నేలయుసిరిక. కీళ్ళ నొప్పులకు వావిలియాకు కాపడము, ఆముదము. వాపులకు గలిజేరు. శొంఠి, పిప్పళ్ళు, మిరియములు కలిసిన త్రికటువును, కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిసిన త్రిఫలమును ఎరుగని తెలుగు ఇల్లాలు ఒకప్పుడు లేదు. బాలింతకు కాయము చేసి పెట్టిన అవ్వలందరు ఈ శాస్త్రమునకు పేరులేని ఆచార్యులు. వారి చేతివిద్యకును, సంహితలలోని శ్లోకమునకును నడుమ నిలిచి, రెంటిని కలిపిన గ్రంథములలో బసవరాజీయము ముఖ్యమైనది.

మందుతో పాటు పథ్యము. రోగికి ఏమి పెట్టవలెనో, ఏమి మాన్పవలెనో చెప్పనిదే వైద్యము పూర్తి కాదు. పాతబియ్యపు జావ, పెసరకట్టు, మజ్జిగతేట మొదలగునవి మందునకు తోడుగా నిలిచి రోగిని నిలబెట్టును. మందు సగము, పథ్యము సగము అను మాట ఊరక పుట్టలేదు.

గరళమును మందుగా మార్చుట

శివపూజకు మనము తెచ్చెడు పత్రపుష్పములను ఒకసారి గమనింపుడు. మారేడు, తుమ్మి, జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు. వీనిలో మారేడును తుమ్మియు మేలు చేయునవి. మిగిలిన మూడును విషములు. జిల్లేడు, జెముడు, ఉమ్మెత్త, గన్నేరు, గురివింద, అడవినాభి, నల్లమందు - ఈ ఏడింటిని వైద్యశాస్త్రము ఉపవిషములని పేర్కొన్నది. పశువులు కూడ ముట్టని ఉమ్మెత్త పూవు శివునకు ప్రియమైనది. లోకము త్రోసిపుచ్చినదానిని స్వీకరించి పవిత్రము చేయుట ఆయన స్వభావము.

ఆ స్వభావమే రసవైద్యునకు ఆదర్శము. వసనాభి ఘోరవిషము. దానిని ముక్కలుగా కోసి గోమూత్రములో మూడు దినములు నానవేసి, ప్రతి దినము గోమూత్రమును మార్చుచు, తరువాత ఎండబెట్టిన గాని మందులో చేర్చరాదు. నేపాళపు గింజలలోని మొలకను తీసివేసి పాలలో ఉడికింపవలెను. శివబీజమని పేరు పొందిన పాదరసమునకు శాస్త్రము 18 సంస్కారములు చెప్పినది. బసవరాజీయమున మూలికలతో పాటు రసౌషధములకు కూడ విశేషమైన స్థానము కలదు. గరళకంఠుని పేరు వంశనామముగా గల వైద్యుడు విషములను శుద్ధిచేయు విద్యను లోకమునకు అందించుట ఎంత సార్థకము!

అయితే ఇచ్చటనే మిక్కిలి జాగ్రత్త అవసరము. శోధనమును చెప్పిన గ్రంథము, శోధనము లేనిదే వాడరాదని కూడ చెప్పినట్లే. పుస్తకములో పేరు చదివి పాదరసమును, వసనాభిని, ఉమ్మెత్త గింజలను ఇంటిలో ప్రయోగించుట ప్రాణాపాయము. సరిగా శుద్ధి కాని రసౌషధములు మూత్రపిండములకును, నరములకును కీడు చేయునని నేటి వైద్యపరీక్షలు స్పష్టముగా తెలుపుచున్నవి. అవి శాస్త్రము చదివి, అనుమతి పొందిన వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే వాడదగినవి.

గ్రంథము పొందిన కీర్తి

కృతయుగమునకు చరకుడు, కలియుగమునకు బసవరాజు ప్రమాణమను అర్థము గల ప్రశస్తి వైద్యులలో వ్యాపించినది. ఆంధ్రదేశమున వైద్యచింతామణితో పాటు బసవరాజీయమును దగ్గర నుంచుకొని చికిత్స చేసిన కుటుంబములు ఎన్నో కలవు. తాళపత్రములలో నుండి అచ్చులోనికి వచ్చిన తరువాత అది తెలుగునాటికి పరిమితము కాలేదు. 1930లో నాగపురమునందు గోవర్ధనశర్మ ఛాంగాణి యను పండితుడు దానిని నాగరిలిపిలో ప్రకటించెను. అప్పటినుండి ఉత్తరదేశ వైద్యులకును కొట్టూరు బసవరాజు పేరు పరిచయమైనది.

1940 నాటి ఔషధ చట్టమునకు 1964లో చేసిన సవరణమున ఆయుర్వేద ఔషధములను గూర్చిన విధులు చేరినవి. ఏ గ్రంథములలోని యోగములను ప్రామాణికమైన ఆయుర్వేద ఔషధములుగా అంగీకరింపవలెనో తెలుపు పట్టిక ఆ చట్టపు మొదటి షెడ్యూలులో కలదు. చరక, సుశ్రుత సంహితలున్న ఆ పట్టికలో బసవరాజీయము కూడ ఉన్నది. కొట్టూరులో లింగపూజ చేసికొని మూలికలు నూరిన ఒక శివభక్తుని గ్రంథము నేడు భారతదేశపు చట్టములో ప్రమాణముగా నిలిచినది. ఇంతకంటె గొప్ప స్మారకము వేరొకటి కావలెనా?

మన కర్తవ్యము

బసవరాజు జీవితము మనకు నేర్పెడు పాఠములు స్పష్టమైనవి. విద్యను దాచుట లోభము, పంచుట దాసోహము. ఆయ్దక్కి మారయ్య కాయకములో తనకు అవసరమైనదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చినప్పుడు, ఆయన ధర్మపత్ని లక్కమ్మ ఆ ఎక్కువైనదానిని మరల పోసి రమ్మనెను. తనకు తెలిసిన మందును తనలోనే ఉంచుకొన్నవాడు కూడ అవసరమునకు మించి కూడబెట్టినవాడే. దానిని లోకమునకు తిరిగి ఇచ్చుట శరణధర్మము.

నేడు మన పల్లెలలో చేని గట్లపై కలుపుమందు చల్లుటచే గలిజేరు, తుమ్మి, గుంటగలగర కనుమరుగగుచున్నవి. వానిని గుర్తింపగల అవ్వలు ఒక్కొక్కరే లింగైక్యము చెందుచున్నారు. మొక్క పోయిన తరువాత పేరు మాత్రము పుస్తకములో మిగిలి ప్రయోజనమేమి? మఠములకు భూములున్నవి, శ్రావణమాసమున వచ్చెడు భక్తులున్నారు. మఠప్రాంగణమున మారేడు వృక్షము ప్రక్కన అడ్డసరము, వావిలి, తిప్పతీగ, నేలవేము నాటి, ప్రతి మొక్క దగ్గర దాని సంస్కృత నామమును తెలుగు నామమును వ్రాసి ఉంచినచో, అదియే బసవరాజునకు నిజమైన పూజ. ఇంటింట అటకలపై నున్న వైద్య తాళపత్రములను గంగపాలు చేయక, ప్రాచ్యలిఖిత గ్రంథాలయములకు అప్పగించుట మరియొక సేవ.

దీనితో పాటు ఆ మహనీయుని వివేకమును కూడ మరువరాదు. పాము కరచినప్పుడు, పసిబిడ్డకు జ్వరము దిగనప్పుడు, విషము లోనికి పోయినప్పుడు, కామెర్లు ముదిరినప్పుడు ఇంటివైద్యముతో కాలహరణము చేయక తక్షణము ఆసుపత్రికి చేర్పవలెను. హద్దెరిగి నడచుట మన పూర్వుల విద్యకు అవమానము కాదు. నాడి చూచి రోగి స్థితిని తెలిసికొనిన పిదపనే మందు తలచవలెనని నేర్పిన గ్రంథము, ఆ హద్దును కూడ మనకు నేర్పినది.

దేహమే దేవాలయమని బసవేశ్వరుడు బోధించెను. ఆ దేవాలయము శిథిలము కాకుండ కాపాడుట వైద్యుని కాయకము. ఆ కాయకమును జీవితాంతము చేసి, తన తరువాత కూడ సాగునట్లు గ్రంథముగా నిలిపి శివునిలో లీనమైన నీలకంఠ కొట్టూరు బసవరాజు చిరస్మరణీయుడు. ఆయన పేరు ప్రతి వీరశైవ గృహమున పిల్లలకు తెలియుగాక.

శివార్పణమస్తు.